అది దీనమ్మ దస్తూరి కాదు

పద్దెనిమిదేండ్లు, దీనమ్మ అనే పేరు నేను బయటికి పలుకలే. లోపల మాత్రం పలుకని రోజు లేదు. అంగట్ల ఎవరన్న ఎవరినన్న ఆ పేరు పెట్టి పిలిస్తే, తల తిప్పి చూడకుండ ముందటికే నడిచిపోయేదాన్ని. మెడ బిగబట్టుకొని నడుచుడు నాకు అలవాటయిపోయింది. నెత్తిమీద బరువున్నోళ్లు అట్లనే నడుస్తరు. నా నెత్తిమీద ఉన్నది ఎవరికీ కనపడలే, అంతే.

మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే చెప్పబుద్ధయితున్నది. నా పేరు మాత్రం రాయ. నాకు రెండు పేర్లున్నయి. ఒకటి బాపు పెట్టింది, ఇంకొకటి నేను పెట్టుకున్నది. ఏది రాసినా సగం అబద్ధమే అయితది.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. ఊరికి ఎడంగ మాదిగవాడ. మా తాత కాలంలనే వాడంత మిషన్ సంఘంల కలిసి బాప్తిస్మం తీసుకున్నరు. బాపు ఆదివారం గుడి గంట కొట్టేటోడు, మిగిలిన ఆరు రోజులు దొర పొలంల పని చేసేటోడు. అవ్వ నాట్లకు, కలుపులకు పోయేది. ఊరు మమ్ముల కొత్త పేర్లతోని పిలిచింది గని పాత జాగలనే నిలవెట్టింది.

మిషన్ హాస్టల్ల చేరినప్పుడు నాకు పదేండ్లు. దీనమ్మ అక్కడనే కలిసింది. వాళ్లది మా ఊరికి మూడు కోసుల దూరం. ఇద్దరికీ ఒకటే చాప, చలికాలం ఒకటే గొంగడి. నిద్రల నేను గుంజుకుంటే ఆమె ఊకుండేది. పొద్దున లేచి చూస్తే గొంగడంత నా మీదనే ఉండేది. ఆమె నల్లగ ఉండేది. ప్రార్థనల పాట ఎత్తుకునేది ఆమెనే. ఆ గొంతు వెనుక మిగిలిన నలభై మందిమి నడిచేటోళ్లం. నేను తెల్లగ ఉంటి. ఎందుకు తెల్లగ పుట్టిన్నో నాకు తెల్వదు, అవ్వను ఎన్నడూ అడగలే. హాస్టల్ చూడ వచ్చినోళ్లు నా దిక్కు చూసి, ఈ పిల్ల మీ పిల్లల లెక్క లేదు అనేటోళ్లు. నాకు లోపల సంతోషమయ్యేది. దాన్ని తప్పు అనాల్నా? పదేండ్ల పిల్ల సంతోషపడితే తప్పెట్లయితది? గని ఇదంత ఎక్కడ మొదలైందని వెనుకకు తడుముకుంటే నా చెయ్యి అక్కడికే పోయి ఆగుతది.

ఒకసారి వేరే దేశం నుంచి వచ్చిన దొరసానమ్మ ఒకామె మాకు వాళ్ల దేశం సంగతి చెప్పింది. పాత కాలంల అక్కడ నల్లోళ్లను ఓడల్ల తెచ్చి, పశువులను అమ్మినట్టు అంగట్ల అమ్మి, పత్తి చేన్లల్ల చచ్చేదాకా పని చేయించిండ్రట. చెప్పుకుంట ఆమె కండ్లు తుడుచుకున్నది. మేమంత గప్‌చుప్‌గ విన్నం. దీనమ్మ లేచి నిలవడి, "అమ్మా, ఆ పత్తి ఎవరు కొన్నరు?" అని అడిగింది. దొరసానమ్మకు సమజ్ కాలే. దీనమ్మ మళ్ల అడిగింది. అప్పుడు ఆమె, "అందరు కొన్నరు బిడ్డా" అన్నది. నాకు ఆనాడు అదేం ప్రశ్ననో పట్టలే. నేను ఇంకోటి ఆలోచిస్తున్న. ఆ నల్లోళ్లల్ల ఎవరన్న నా లెక్క తెల్లగ పుడితే ఏం చేసేటోళ్లో అని.

అరవై తొమ్మిదిల, తెలంగాణ కోసం మొదటి కొట్లాట నడిచిన ఏడాది బడులు బందయినయి. హాస్టల్ మూసిండ్రు. మేము ఎనిమిది అయిపోయి తొమ్మిదికి పోవాలె. మళ్ల తెరిచినప్పుడు నేను పోయిన. దీనమ్మ రాలే. ఆ నడుమనే వాళ్ల బాపు ఆమెను పనికి తోలిండు, ఆ మీద పెండ్లి చేసిండు. గొంగడి నా ఒక్కదానికే మిగిలింది. కప్పుకుంటే ఎక్కడో ఒక దిక్కు చలి పెట్టేది.

మెట్రిక్ పాసై టైపు నేర్చుకున్న. ఆదిలాబాద్‌ల ఒక చిన్న ఆఫీసుల కొన్ని నెలల పని దొరికితే ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చిన. కిరాయికి రూము కోసం తిరిగిన. మొదటి రెండిండ్లల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఒకరు మొన్ననే వేరేటోళ్లకు మాటిచ్చినమన్నరు. ఇంకొకరు ఏమనలే, తలుపు దగ్గరికేసిండ్రు. మూడో ఇంటి అరుగు మీద ఒక పెద్దామె కూసొని బియ్యం ఏరుతున్నది. మరాఠి మాట్లాడే ఇల్లు. గల్లీల అందరు ఆమెను ఆయి అంటరు, అమ్మా అన్నట్టు. ఆమె నా మొఖం చూసింది, చేతులు చూసింది, "కాపోళ్ల పిల్లవేనా?" అని తనంతట తనే అడిగింది.

నేను అవునన్న.

ఆ ఒక్క మాటకు తలుపు తెరుచుకున్నది. నేను ఏం కథ అల్లలే, ఏం బతిమిలాడలే. నా తోలు రంగు సగం చెప్పింది, మిగిలిన సగం నేను చెప్పిన. ఆ సాయంత్రమే బజారుకు పోయి కుంకుమ డబ్బి కొన్న. బాపు పెట్టిన పేరు పక్కకు పెట్టి ఇంకో పేరు చెప్పుకున్న.

ఆయికి జిన్నింగ్ మిల్లు సేటు వరుసకు కొడుకు. నా ఆఫీసు పని అయిపోయినంక ఆయనకు ఆమెనే చెప్పింది, మంచింటి పిల్ల, దస్తూరి ముద్దుగుంటది అని. అట్ల మిల్లు ఆఫీసుల చేరిన. ఆయి నన్ను వంటింట్లకు రానిచ్చింది. తన చేతితోని జొన్న రొట్టె కాల్చి పెట్టింది. జ్వరమొస్తే పక్కన కూసొని తల ఒత్తింది. ఆ ప్రేమ ఎవరి మీదిది? నా మీదిదా, లేని ఆ కాపు పిల్ల మీదిదా? తేల్చుకోలేకనే దాన్ని తిన్న, తాగిన, కప్పుకున్న.

ఊరికి పోయేటప్పుడు నిర్మల్ బస్టాండ్ల నల్ల దగ్గర బొట్టు కడుక్కునేదాన్ని. మళ్ల వచ్చేటప్పుడు అక్కడనే పెట్టుకునేదాన్ని. "నీ రూము ఒక్కసారి చూస్త బిడ్డా" అని అవ్వ ఎన్నిసార్లు అడిగిందో. ఎండలు తగ్గనియ్యి అన్న. వానలు తగ్గనియ్యి అన్న. క్రిస్మస్ నాడు ఆఫీసుల టైపు కొట్టుకుంట నోరు మెదపకుండ పాటలు పాడుకున్న. అవ్వ వండే పెద్దకూర వాసన యాదికొస్తే నోట్లె నీళ్లు, కండ్లల్ల నీళ్లు ఒక్కతీరుగ వచ్చేటివి. సంబంధం చూస్తనని ఆయి అంటే వద్దన్న. పెండ్లంటే ఇంటోళ్లు రావాలె కద. నా ఇంటోళ్లను నేను ఎక్కడి నుంచి తేవాలె?

హాస్టల్ల ఒక సార్ మాకు చెప్పేటోడు, ఊర్లె కులముంటది గని మెషీన్లకు కులముండది, పట్నం పోండ్రి అని. నేను నమ్మిన. మిల్లుకొచ్చినంక కండ్లతోని చూసిన. జిన్ను హాలంటే పొడుగు రేకుల షెడ్డు. వరుసగ మెషీన్లు. పత్తిల నుంచి గింజ కిందికి, దూది ముందటికి. గాలంత దుమ్ము, పోగులు. రెండు మెషీన్ల అవుతల నిలవడ్డ మనిషి కనపడది. ఆ హాల్ల నిలవడి పత్తి పెట్టేటోళ్లంత మా వాడల అసొంటి వాడల ఆడోళ్లు, అడివి గూడాల నుంచి నడిచొచ్చే కోలాం ఆదివాసి ఆడోళ్లు. బయట రేకుల నీడకు కూసొని పత్తిల ఆకు, పుల్ల ఏరే పని ఊరోళ్లది. కూలి కూడ వాళ్లకే జర ఎక్కువ. వాళ్లు తాగే నీళ్ల కుండలు బయట ఉండేటివి. హాలోళ్లకు గింజల గోదాము పక్క ఒక ఇనుప డ్రమ్ము.

సేటు చెడ్డ మనిషి కాదు. ఎవరినీ తిట్టంగ నేను వినలే. "కులంతోని నాకేం పని బేటీ, నాకు మిల్లు నడవాలె" అనేటోడు. అది అబద్ధం కాదు. ఆయనకు తక్కువకు దొరికే చేతులు కావాలె, దగ్గొచ్చినా అడగని నోర్లు కావాలె. అవి ఏ వాడల దొరుకుతయో ఆయన వెతుక్కునే పని లేకుండె. ఊరు ఎన్నో ఏండ్ల కిందనే ఏరిపెట్టింది. ఊరు అవమానానికి వాడుకున్నదాన్ని ఆయన లాభానికి వాడుకున్నడు, అంతే తేడా. ఆ దూదిని బేళ్లు కట్టి లారీల మీద బొంబాయి దిక్కు పంపుతరు. అక్కడ గుడ్డ అయితది. ఆ గుడ్డ మీద ఎవరి దగ్గూ కనపడది, ఎవరి కులమూ కనపడది. అందరు కొంటరు. నేను కూడ కొన్న, కట్టుకున్న. ఇవన్ని నాకు తెలిసి కూడ నేను ఆఫీసుల ఫ్యాను కింద కూసున్న. తెలిసినోళ్లది ఎక్కువ తప్పా, తెల్వనోళ్లదా?

మిల్లు సీజన్ మొదలైతే కొత్త కూలోళ్ల పేర్లు రాసుడు నా పని. ఒక ఏడాది దీపావళి తర్వాత వరుసల నిలవడ్డోళ్ల పేర్లు తలెత్తకుండ అడుగుతున్న, రాస్తున్న. "దీనమ్మ" అన్నదొక గొంతు.

తలెత్తిన. ఆమె నా మొఖం చూసింది. బొట్టు చూసింది, జడల పూలు చూసింది, కుర్చీ చూసింది. నవ్వు పెదవుల దాకా వచ్చింది, అక్కడనే ఆపుకున్నది. నా పక్కనున్న గుమాస్తా దిక్కు ఒకసారి చూసి, "రాసుకోండ్రి బాయీ" అన్నది. మా దిక్కు పెద్దింటి ఆడోళ్లను బాయి అంటరు. ఆమె అంత తొందరగ ఎట్ల సమజ్ చేసుకున్నది? నేను ఒక్క సైగ కూడ చేయలే. నా బతుకంత ఒక్క చూపుల చదివి, తలుపు దగ్గరికేసి, బయట కావలి నిలవడ్డది.

అప్పటి సంది ఆదివారాలు పొద్దుగల్ల అంగడి వెనుక, ఒక పాత గోదాము మెట్ల మీద కలుసుకునేటోళ్లం. అక్కడ ఆమె నన్ను బాపు పెట్టిన పేరుతోని పిలిచేది. ఆ పేరు వినడానికే పోయేదాన్ని అనిపిస్తది ఇప్పుడు. ఆమె మొగడు పనికని బొంబాయి పోయి మళ్ల రాలే. ఒక కొడుకు, వాన్ని బోథ్ దగ్గర వాళ్ల చిన్నమ్మ ఇంట్ల ఇడిసిపెట్టింది. నాకోసం ఉడకబెట్టిన పల్లికాయ కొంగుల కట్టుకొచ్చేది. "నా మీద కోపం లేదానే?" అని ఒకసారి అడిగిన. పల్లికాయ ఒలుచుకుంట, "మన దాంట్ల ఒక్కదానివన్న నీడకు కూసున్నవ్. నాకెందుకు కోపం?" అన్నది. మాట పూర్తిగాక ముందే దగ్గు వచ్చింది. దూది పట్టినోళ్ల దగ్గు వేరే ఉంటది. లోపలికి పోయినదాన్ని బయటికి గుంజుతున్నట్టు ఉంటది, అది రాదు.

రెండో సీజన్ల ఒక కోలాం ఆమె హాల్ల ఊపిరాడక పడిపోయింది. బయటికి మోసుకొచ్చిండ్రు. దగ్గర కుండల నీళ్లున్నయి. దాంట్ల ముంచనియ్యలే; డ్రమ్ము దగ్గరికి ఉరికి తెచ్చేసరికి కొంచెం ఆలస్యమైంది. ఆమె బతికింది గని మళ్ల పనికి రాలే. ఆ వారం దీనమ్మ నా దగ్గరికి కాయిదం పట్టుకొచ్చింది.

"లేబర్ ఆఫీసుకు అర్జీ పెడుతున్నం. నువ్వు రాయి. నాకు ఎనిమిది చదువే, నీకు మంచి తెలుగొస్తది."

రాసిన. ఆ మెట్ల మీదనే, మోకాళ్ల మీద అట్ట పెట్టుకొని. నిజం చెప్తున్న, నా బతుకుల అంత ఇష్టంగ ఏదీ రాయలే. హాలు పని, నీడ పని అందరికీ వంతులేసి ఇయ్యాలె. తాగే నీళ్లు అందరికీ ఒక్కటే ఉండాలె. మూతికి కట్టుకోను గుడ్డ ఇయ్యాలె. చివరకు ఆమె చెప్పని మాట ఒకటి నేనే కలిపిన: ఈ మిల్లుల పని మనిషిని చూసి కాదు, కులం చూసి ఇస్తున్నరు అని. చదివి వినిపించిన. దీనమ్మ నా చెయ్యి పట్టుకున్నది. పది మంది ఏలుముద్రలు వేసిండ్రు, దీనమ్మ సంతకం పెట్టింది. ఆ ఒక్క దినం నాకు రెండు పేర్లు లేకుండె.

మూడు వారాలకు లేబర్ ఆఫీసరు వచ్చిండు. ముందు దినం సేటు నన్ను పిలిచి చెప్పిన మాట ఒక్కటే: "సాబ్ వస్తుండు. అడిగితే ఉన్నది చెప్పు బేటీ." బెదిరియ్యలే. ఆశ పెట్టలే. మిల్లు వాకిట్ల కుర్చీలేసిండ్రు. అర్జీ పెట్టిన ఆడోళ్లు ఒక దిక్కు నిలవడ్డరు. ఆఫీసరు నడీడు మనిషి, నిజాయితీ మనిషి లెక్కనే కనపడ్డడు. వాళ్లను అడిగిండు. దీనమ్మ చెప్పింది, తడబడకుండ చెప్పింది. మేనేజరు అదంత ఉత్తదన్నడు. ఆఫీసరు నా దిక్కు తిరిగిండు.

"అమ్మా, మీరు చదువుకున్నోళ్లు. పెద్ద కులపోళ్లు, వీళ్ల పక్షం మాట్లాడే అవసరం మీకు లేదు. రోజూ చూస్తరు. చెప్పండి. ఇక్కడ కులం చూసి పని ఇస్తున్నరా?"

ఆ మనిషి ఎవరిని అడుగుతున్నడో ఆయనకు తెల్వదు. వాకిట్ల ఉన్నోళ్లల్ల ఒక్క దీనమ్మకే తెలుసు. రుజువు కావాలంటే నేనే రుజువు. అదే వాడ, అదే తిండి, అదే బడి. ఒకామె హాల్ల, ఒకామె ఫ్యాను కింద. నడుమ ఉన్నది ఒక్క అబద్ధం. నేను నోరు తెరిచి నా ఊరు పేరు, వాడ పేరు చెప్పితే చాలు, అర్జీల ఉన్నదంత నిజమయ్యేది.

"లే సార్," అన్న. "ఎవరికి అలవాటున్న పని వాళ్లు చేసుకుంటరు."

ఆయన రాసుకున్నడు. కలం చప్పుడు నాకు వినపడ్డది. దీనమ్మ నా దిక్కు చూసింది. ఆమె ఒక్క మాట అంటే నా కొలువు, నా రూము, ఆయి చేతి రొట్టె, అన్నీ పోయేటివి. "గీమె మా మనిషే సార్" అంటే అయిపోయేది. అనలే. చూపు కిందికి దించుకున్నది. ఆ దించుకునుడు ఎట్లున్నదంటే, పక్కనున్నోళ్లు బట్టలు మార్చుకుంటుంటే మనం మొఖం తిప్పుకుంటం చూడండ్రి, అట్ల.

ఇక్కడికి ఆపుదామనుకున్న. ఇంతవరకు రాసి రెండు దినాలు పక్కకు పెట్టిన. ఇది చదివినోళ్లు, భయపడ్డది పాపం, అంటరు. అట్ల అనిపించుకోవాలని నా మనసు ఎంత ఆశపడ్డదో. గని ఇంకొకటున్నది. అసలుది అదే.

ఆఫీసరు రాకముందు వారం, అర్జీ నకలు సేటు చేతికి వచ్చింది. ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టి, "భాష మంచిగుంది. ఎవరో చదువుకున్నోళ్లు రాసిచ్చిండ్రు. ఎవరి దస్తూరో తెలుసా?" అని అడిగిండు. ఊకనే అడిగిండు, చాయ్ తాగుకుంట. నేను రాసేటప్పుడు అక్షరాలు వంకరగ, వేరే తీరుగ రాసిన. ఆయనకు అనుమానం లేకుండె. తెల్వదు అంటే సరిపోయేది. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలే. మరెందుకు చెప్పిన? నా దిక్కు ఆలోచన రాకముందే ఇంకో దిక్కు తిప్పాలన్న పరేషాన్ల, అడగని జవాబు ఒకటి నా నోట్లకెళ్లి వచ్చింది.

"దీనమ్మ అనే ఆమె ఎనిమిది చదివిందట. ఆమెదే అయి ఉంటది."

అది దీనమ్మ దస్తూరి కాదు. నాది. ఈ వాక్యం రాయడానికి నాకు పద్దెనిమిదేండ్లు పట్టింది.

ఆఫీసరు పోయిన తెల్లారి సేటు దీనమ్మను ఆఫీసుకు పిలిపించిండు. నేను అక్కడనే ఉన్న. "గిది రాసింది నువ్వేనా?" అన్నడు. ఆమె నా మొఖం కూడ చూడలే. "నేనే రాసిన" అన్నది. నా మీద అనుమానం రావొద్దని అట్లన్నదా, సేటుకు ఆ పేరు ఎవరు చెప్పిండ్రో తెలిసే అన్నదా? ఎన్నడూ తెలుసుకోలేకపోయిన. ఆ దినం నుంచి ఆమెను, ఇంకో ఏడుగురిని పనికి రావద్దన్నరు. ఊర్ల వేరే మిల్లోళ్లకు కూడ మాట పోయింది, ఆమెను ఎవరూ పెట్టుకోలే. వచ్చే ఆదివారం నేను మెట్ల దగ్గరికి పోలే. ఆమె వచ్చిందో రాలేదో కూడ తెల్వదు. వచ్చి ఎంతసేపు చూసిందో అనే ఆలోచన మాత్రం నన్ను ఇడిసిపెట్టలే. దసరాకు సేటు నాకు చీర పంపిండు. నేను కట్టుకున్న. అది కూడ చెప్పాలె కద.

తొమ్మిదేండ్ల తర్వాత, అవ్వ చనిపోయిన ఏడాది, తట్టుకోలేక బోథ్ బస్సెక్కిన. ఆమె కొడుకు పేరు చెప్పి అడుక్కుంట పోతే ఊరి చివర ఇల్లు దొరికింది. దీనమ్మ పత్తి ఏరుడు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. ఎంత చిన్నగయిందో. నా కంటే ఇరవయ్యేండ్లు పెద్దగ కనపడ్డది. ఇంట్ల కొడుకు, కొత్త కోడలు ఉన్నరు. నన్ను చూడంగనే ఆమె కొంగు సర్దుకొని, "రాండ్రి బాయీ" అన్నది, "నేను పనిచేసిన మిల్లు బాయి" అని కోడలికి చెప్పింది. సొంత ఇంట్ల కూడ. సొంత కొడుకు ముందట కూడ. నేనేం అడగకముందే మళ్ల నన్ను దాచిపెట్టింది. కోడలు లోటల నీళ్లు తెచ్చి, ఇయ్యాల్నా వద్దా అని అత్త మొఖం చూసింది. నేను గుంజుకున్నట్టు తీసుకొని తాగిన.

బస్సు దాకా తోడొచ్చింది. తొవ్వల ఇద్దరమే ఉన్నం. నాలుగడుగులకొకసారి దగ్గుకు ఆగుతున్నది. చెప్పాలె, ఇప్పుడు చెప్పాలె, అనుకుంటనే నడిచిన.

"అవ్వ ఎట్లున్నదే?" అన్నది, పాత పేరుతోని పిలిచి.

"పోయింది."

"పెండ్లి చేసుకున్నవా?"

"లే."

ఆమె ఆగింది. దగ్గుకు కాదు. "మరి ఎవలి కోసమే గిదంత?" అన్నది.

ఎత్తిపొడుపు లేదు ఆ మాటల. నిజంగనే తెలుసుకోవాలని అడిగింది, అప్పట్ల పత్తి ఎవరు కొన్నరని అడిగినట్టు. బస్సొచ్చింది. ఎక్కిన. అర్జీ సంగతి నోట్లనే ఉండిపోయింది. కిటికీలకెళ్లి చూస్తే ఆమె రోడ్డు పక్కన కూసొని దగ్గుతున్నది, ఒక చెయ్యి మాత్రం పోయిరా అన్నట్టు లేపింది.

మళ్ల పోత అనుకున్న. ప్రతి ఏడాది అనుకున్న. మొన్న ఎండాకాలం, అప్పట్ల మిల్లుల పనిచేసిన ఒకామె కూరగాయల బండి దగ్గర కలిసి, దీనమ్మ పోయి రెండేండ్లాయె అన్నది. రెండేండ్లు. ఆ రెండేండ్లు నేను లేని మనిషికి మాటలు కూర్చుకుంట కూసున్న. చెప్పాల్సిన చెవి లేకుండ పోయింది. ఇగ ఎవరు మాఫ్ చేసినా అది నా లెక్కల మాఫ్ కాదు.

వారం తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆయి పక్కన కూసొని చెప్పిన. ఇరవై రెండేండ్లు ఆమె ఇంట్ల ఉన్న. మా వాడ సంగతి చెప్పిన, అవ్వ బాపు సంగతి చెప్పిన, దీనమ్మ సంగతి చెప్పిన. ఆయికి ఎనభై దాటినయి, చెవులు మాత్రం మంచిగ వినపడుతయి. అంత విన్నది. "దేవుడి అర్రలకు కూడ వచ్చినవ్ కదా" అన్నది మెల్లగ. గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఆ మీద, "మీ అమ్మ ఒక్కసారన్న ఇక్కడికి రాలే" అన్నది. అది నా మీద కోపమా, మా అవ్వ మీద జాలా, నాకు తెల్వదు. మళ్ల నాతోని మాట్లాడలే. నాలుగు దినాలకు సేటు మనిషి వచ్చి, రూము వేరేటోళ్లకు కావాలంట అన్నడు. రిక్షాల సామాను ఎక్కించేటప్పుడు తలుపు దిక్కు చూసిన. ఆయి రాలే. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. గని ఆ జొన్న రొట్టె కోసం, ఆ తల ఒత్తే చెయ్యి కోసం నా పానం ఇప్పటికీ గుంజుతది. ఏం చెయ్యాలె? దొంగిలించిన ప్రేమ కూడ పోయినంక దుఃఖమే అయితది.

ఇప్పుడు పట్నం ఇంకో కొసకు ఒక రేకుల రూముల ఉంటున్న. మొదటి దినమే పక్కింటామె నల్ల దగ్గర బిందె నింపుకుంట, "ఎవలు మీరు? ఏడ మీది?" అని అడిగింది. ఊరు చెప్పిన. వాడ చెప్పిన. బాపు గుడి గంట కొట్టేటోడని చెప్పిన. ఆమె "ఊఁ" అన్నది, బిందె చంకల పెట్టుకొని పోయింది. మంచి లేదు, చెడ్డ లేదు. అంత చిన్న మాట అది. ఇంత చిన్న మాటకు బదులు ఒక మనిషినిచ్చుకున్న.

ఆమె పోయినంక నేను నల్ల దగ్గరనే నిలవడ్డ. ఛాతీల ఏదో వదులయింది, ఊపిరి కిందిదాకా పోయింది. దీనమ్మకు చివరి దాకా ఆడని ఊపిరి అది. తేలికయినందుకు సిగ్గయింది. అయినా తేలికనే అయింది.